స్పానిష్ ‘గుస్తార్’: ఇంగ్లీషు గుండా వద్దు, తెలుగు గుండా రండి

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క క్రియ గురించి. స్పానిష్ మొదలుపెట్టిన మొదటి వారంలోనే ఎదురయ్యే క్రియ, ఆరు నెలల తర్వాత కూడా చాలామంది తడబడే క్రియ. దాని పేరు గుస్తార్. ‘నచ్చడం’ అని అర్థం. కాఫీ నచ్చిందన్నా, సినిమా నచ్చలేదన్నా, మనిషి నచ్చాడన్నా ఇది లేకుండా పని జరగదు.

ఎందుకు ప్రత్యేకంగా దీని గురించే అంటే, దీని వెనకాల ఇంకో విషయం ఉంది. నేనుండేది దూలపల్లిలో. ఇక్కడి నుంచి మైసమ్మగూడ దాకా చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలే. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు బోలెడంత మంది. స్పానిష్ వస్తే ఉద్యోగానికి పనికొస్తుందని వాళ్ళకు తెలుసు. కానీ చాలామంది అనే మాట ఒకటే: "అన్నా, నాది తెలుగు మీడియం. ముందు ఇంగ్లీష్ సెట్ చేసుకుంటా, తర్వాత స్పానిష్ చూస్తా." అంటే ఇంకే భాషకు వెళ్ళాలన్నా ఇంగ్లీషు అనే గేటు దాటే వెళ్ళాలి, తెలుగు ఆ గేటు బయటే వదిలేసి రావాలి అన్నట్టు.

గుస్తార్ విషయంలో ఇది పూర్తిగా తలకిందులు. ఇక్కడ ఇంగ్లీషుది చుట్టుదారి, తెలుగుది దగ్గరదారి. అలాగని తెలుగును నమ్ముకుంటే అన్నీ వచ్చేస్తాయని కూడా చెప్పను. తెలుగు ఎక్కడ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది, రెండూ చూద్దాం.

ఒక చిన్న గమనిక. స్పానిష్ మాటలన్నీ తెలుగులోనే రాస్తున్నాం. అందులో ఒక లాభం కూడా ఉంది. స్పానిష్‌లో ‘గుస్తా’ అన్నప్పుడు వచ్చేది మన ‘త’. నాలుక పళ్ళకు తగులుతుంది. ఇంగ్లీషు ‘ట’ కాదు. కాబట్టి ‘గస్టా’ అనకండి, ‘గుస్తా’ అనండి.

తేడా ఎక్కడ మొదలవుతుంది?

యాప్‌లో గానీ పుస్తకంలో గానీ మొదటి పాఠంలో ఇలా ఉంటుంది: ‘మె గుస్తా’ అంటే ‘ఐ లైక్’. అక్కడితో ఆపేస్తారు. నేర్చుకునేవాళ్ళు ఏమనుకుంటారు? ‘ఐ’ అంటే నేను. స్పానిష్‌లో నేను అంటే ‘యో’. కాబట్టి ‘నాకు మామిడిపండు ఇష్టం’ అనాలంటే ‘యో గుస్తొ మాంగొ’. లాజిక్ బాగానే ఉన్నట్టుంది. కానీ వాక్యం తప్పు. ‘యో గుస్తొ’ అంటే ‘నేను నచ్చుతాను’ అని! నేనే ఎవరికో నచ్చుతున్నాను, మామిడిపండు సంగతి తేలలేదు.

ఎందుకిలా? ఇంగ్లీషులో ఇష్టపడే మనిషి కర్త. ‘నేను’ అనేవాడు ఇష్టపడే పని చేస్తాడు, మామిడిపండు మీద ఆ పని జరుగుతుంది. స్పానిష్‌లో అలా కాదు. నచ్చే పని చేసేది మామిడిపండు. అది కర్త. నేనేమో ఆ నచ్చడం వచ్చి చేరే మనిషిని. అందుకే ‘నేను’ అనరు, ‘నాకు’ అంటారు. స్పానిష్‌లో ‘మె’ అంటే ‘నాకు’.

ఇప్పుడు తెలుగులో చూడండి. ‘నేను మామిడిపండు నచ్చుతాను’ అని ఎవరైనా అంటారా? రెండేళ్ళ పిల్లాడు కూడా అనడు. ‘నాకు మామిడిపండు నచ్చుతుంది’ అంటాం. ‘నాకు’ అంటే మె, ‘నచ్చుతుంది’ అంటే గుస్తా, మామిడిపండు అంటే ఎల్ మాంగొ. ‘మె గుస్తా ఎల్ మాంగొ.’ అయిపోయింది. ఇంగ్లీషువాళ్ళు వారాల తరబడి కుస్తీ పట్టే విషయం మనం అమ్మ ఒళ్ళో నేర్చుకున్నాం.

ఒక సినిమా పేరు గుర్తు చేస్తాను. 2001లో వచ్చిన వెంకటేశ్ సినిమా, ‘నువ్వు నాకు నచ్చావ్’. ఆ టైటిల్లోనే గుస్తార్ గ్రామర్ అంతా ఉంది. నువ్వు, తూ. నాకు, మె. నచ్చావ్, గుస్తాస్. ‘తూ మె గుస్తాస్.’ మూడు మాటలు, అదే వరసలో, ఒక్కటి కూడా జరపక్కర్లేదు. క్రియ చివర చూడండి. ‘నచ్చావ్’లో ‘ఆవ్’ ఎవరిని చూపిస్తోంది? నువ్వుని. నాకుని కాదు. ‘గుస్తాస్’ చివర ఉన్న ‘స్’ కూడా అచ్చం అదే పని చేస్తోంది. ఈ ఒక్క టైటిల్ గుర్తుపెట్టుకుంటే ‘యో గుస్తొ’ జన్మలో నోటికి రాదు.

మరి ‘గుస్తొ’ అసలు వాడరా అంటే, వాడతారు. ‘తె గుస్తొ?’ అంటే ‘నేను నీకు నచ్చానా?’ అని. ‘నచ్చాను’లో ‘ను’ ఎలాగో ‘గుస్తొ’లో ‘ఒ’ అలాగ. అలాగే ‘గుస్తార్ దె’ అని మర్యాదైన, కాస్త పాతకాలపు వాడుక ఒకటుంది, అందులో మనిషే కర్త. పుస్తకాల్లో కనిపిస్తే కంగారు పడకండి, మాట్లాడేటప్పుడు మాత్రం మీకు దాంతో పని లేదు.

‘ఇష్టం’ వద్దు, ‘నచ్చు’ పట్టుకోండి

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. తెలుగులో ‘ఇష్టం’ అని కూడా అంటాం కదా. ‘నాకు మామిడిపండు ఇష్టం’, ‘నాకు మామిడిపళ్ళు ఇష్టం’. ఒకటైనా పదైనా ‘ఇష్టం’ మారలేదు. ఎందుకంటే అది క్రియ కాదు, నామవాచకం. దీన్ని మనసులో పెట్టుకుని స్పానిష్ మాట్లాడితే ‘మె గుస్తా లొస్ మాంగొస్’ అనేస్తారు. అది తప్పు.

‘నచ్చు’ పట్టుకోండి. పండు ఒకటైతే నచ్చుతుంది. పళ్ళయితే నచ్చుతాయి. ‘తుంది’ కాస్తా ‘తాయి’ అయ్యింది. స్పానిష్‌లో కూడా అంతే. ‘మె గుస్తా ఎల్ మాంగొ’, ‘మె గుస్తాన్ లొస్ మాంగొస్’. మనం ‘తాయి’ అనేచోట వాళ్ళు ‘తాన్’ అంటారు. నాకు, నీకు, ఊరందరికీ అన్నది లెక్కలోకి రాదు. నచ్చేది ఎన్ని అన్నదే లెక్క. ‘మాకందరికీ ఆ పాట నచ్చుతుంది’ అన్నప్పుడు మనం వందమంది ఉన్నా ‘నచ్చుతుంది’ అనే కదా అంటాం!

పని గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ ఏకవచనమే. ‘నాకు చదవడం, నడవడం నచ్చుతుంది’ అంటే ‘మె గుస్తా లెయేర్ ఇ కామినార్’. పనులు రెండున్నా గుస్తానే, గుస్తాన్ కాదు.

ఇప్పుడు ‘నాకు’ మిగతా రూపాలు చెప్పుకుందాం. నాకు, మె. నీకు, తె. ఆయనకి, ఆమెకి, దానికి, మూడింటికీ లె. మాకు, మనకు, రెండింటికీ నొస్. వాళ్ళకు, లెస్. స్పెయిన్‌లో చనువుగా ‘మీ అందరికీ’ అనడానికి ఒస్ అని ఇంకోటుంది. లాటిన్ అమెరికా దేశాల్లో దాని బదులు కూడా లెస్ వాడేస్తారు.

మరి గౌరవంగా ఒక్కరితో ‘మీకు’ అనాలంటే? అది కూడా లె. ‘నువ్వు’కి తూ, ‘మీరు’కి ఉస్తెద్. కొత్తవాళ్ళతో, పెద్దవాళ్ళతో ‘లె గుస్తా?’ అంటే ‘మీకు నచ్చిందాండీ?’ అని. స్నేహితుడితో ‘తె గుస్తా?’ అంటే ‘నీకు నచ్చిందా?’ అని. ఇంగ్లీషులో ఈ నువ్వు, మీరు తేడా పోయింది, ‘యూ’ ఒక్కటే మిగిలింది. ఇంగ్లీషు గుండా వచ్చేవాళ్ళు ఈ తేడా కొత్తగా నేర్చుకోవాలి. మనకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. పెద్దాయన్ని ‘నువ్వు’ అంటే వీపు విమానం మోత మోగుతుందని చిన్నప్పుడే తెలుసు.

ఇంకో రెండు మాటలు రోజూ వాడేవి. స్నేహితురాలు ‘మె గుస్తా ఎల్ కఫే’ అంది. మీకు కూడా ఇష్టమే. ‘మీ టూ’ అని మనసులో అనుకుంటే నోట్లోంచి ‘యో తంబియెన్’ అని వస్తుంది. అంటే ‘నేను కూడా’ అని. తెలుగులో ఆలోచించండి. ‘నాకు కాఫీ నచ్చుతుంది’ అని ఎవరైనా అంటే ‘నేను కూడా’ అంటారా? ‘నాక్కూడా’ అంటారు. ‘ఆ మీ తంబియెన్.’ అదే ఆవిడ ‘నొ మె గుస్తా’, నాకు నచ్చదు అందనుకోండి, ‘నాకూ నచ్చదు’ అనడానికి ‘ఆ మీ తంపోకొ’. ఇందులో ‘ఆ మీ’ అంటే ‘నాకు’ అన్నదాన్నే ఒత్తి పలకడం. ‘నాకైతే నచ్చింది’ అంటాం చూడండి, ఆ ‘ఐతే’ లాంటిది.

స్థానమా, ప్రత్యయమా?

కోడింగ్ తెలిసినవాళ్ళకు ఒక పోలిక. పైథాన్‌లో ఫంక్షన్‌కి విలువలు రెండు రకాలుగా ఇవ్వొచ్చు. స్థానాన్ని బట్టి ఇవ్వొచ్చు, మొదటిది ఇదీ, రెండోది అదీ అని. లేదా పేరు పెట్టి ఇవ్వొచ్చు, అప్పుడు ఏది ముందున్నా ఏది వెనకున్నా పర్లేదు. ఇంగ్లీషు మొదటి రకం. వాక్యంలో ముందున్నవాడు కర్త, అంతే. తెలుగు రెండో రకం. ‘నాకు మామిడిపండు నచ్చింది’, ‘మామిడిపండు నాకు నచ్చింది’, ‘నచ్చింది నాకు మామిడిపండు’. ఎలా తిప్పినా అర్థం చెడదు, ఎందుకంటే ‘కు’ అనే చీటీ అతికించి ఉంది. స్పానిష్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ‘మె గుస్తా ఎల్ మాంగొ’ అన్నా, ‘ఎల్ మాంగొ మె గుస్తా’ అన్నా తప్పు లేదు. కాకపోతే ఆ ‘మె’ మాత్రం క్రియను అంటిపెట్టుకునే ఉండాలి.

ఈ ‘కు’ సంగతి మన పెద్దవాళ్ళకు ఎప్పుడో తెలుసు. బళ్ళో విభక్తులు వల్లె వేసిన రోజులు గుర్తున్నాయా? కి, కు, యొక్క, లో, లోపల, ఇవన్నీ షష్ఠీ విభక్తి. సంస్కృతంలో అయితే ఈ పని చతుర్థిది. పాణిని అష్టాధ్యాయిలో ఒకటో అధ్యాయం నాలుగో పాదంలో 33వ సూత్రం దీని గురించే. ‘రుచించడం’ అనే అర్థం ఉన్న క్రియలు వాడినప్పుడు, ఎవరికి రుచిస్తుందో ఆ మనిషి సంప్రదానం అవుతాడు, అంటే చతుర్థీ విభక్తి వస్తుందని. రెండు వేల ఏళ్ళకు పైబడిన ఆ సూత్రాన్ని గుస్తార్ పాఠం పక్కన పెట్టి చూడండి, దీని కోసమే రాసినట్టుంటుంది.

ఇంకా తమాషా ఏంటంటే, గుస్తార్ పుట్టింది లాటిన్ మాట గుస్తారె నుంచి. దానికి అర్థం ‘రుచి చూడటం’. రుచి చూడటం కాస్తా నచ్చడం అయ్యింది. మన దగ్గర కూడా ఇదే కథ కదా! ‘ఆయన మాట నాకు రుచించలేదు’ అంటాం. నాలుక మీద రుచి మనసుకు పాకింది. స్పానిష్‌లో ఇప్పటికీ ‘గుస్తొ’ అంటే రుచి, అభిరుచి కూడా. ఎవరినైనా మొదటిసారి కలిసినప్పుడు ‘ముచొ గుస్తొ’ అంటారు, మిమ్మల్ని కలవడం సంతోషం అని.

ఇంగ్లీషును తక్కువ చేస్తున్నానని అనుకోకండి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘లైక్’ క్రియ కూడా మనలాగే ఉండేది. వస్తువు కర్త, మనిషికి ‘కు’ రూపం. తర్వాత్తర్వాత ఆ విభక్తి రూపాలు అరిగిపోయాయి, మనిషి ముందుకొచ్చి కర్త కుర్చీలో కూర్చున్నాడు. హిందీలో ‘ముఝే పసంద్ హై’, ఇటాలియన్‌లో ‘మి ప్యాచే’, జర్మన్‌లో ‘మీర్ గెఫెల్ట్’, అన్నీ ‘నాకు’ తరహావే. మన తెలుగు భాషా శాస్త్రవేత్తలు పేరి భాస్కరరావు, కె.వి. సుబ్బారావు సంపాదకులుగా 2004లో ఇలాంటి ‘నాకు’ వాక్యాల మీదే రెండు సంపుటాలు వచ్చాయి. అంటే ఇది మన భాషలో ఏదో లోపం కాదు, ప్రపంచంలో పెద్ద పెద్ద భాషలు నడిచే దారే.

తెలుగు చాలని చోట్లు

ఇప్పటిదాకా మన భాషను మెచ్చుకున్నాం. ఇక జాగ్రత్తలు.

మొదటిది, రెండుసార్లు చెప్పడం. ‘మా అమ్మకి కాఫీ నచ్చుతుంది’ అనాలి. ‘ఆ మి మాద్రె లె గుస్తా ఎల్ కఫే.’ మనకు ‘కి’ మాట వెనకాల వస్తుంది, వాళ్ళకు ‘ఆ’ మాట ముందు వస్తుంది. అది సులువే. కానీ ‘ఆ మి మాద్రె’ అన్నాక మళ్ళీ ‘లె’ ఎందుకు? ‘మా అమ్మకి ఆమెకి కాఫీ నచ్చుతుంది’ అన్నట్టుంది మన చెవికి. అందుకని మనవాళ్ళు ‘లె’ మింగేస్తారు. మింగకండి. గుస్తార్‌తో ఆ చిన్న మాట ఉండి తీరాలి. ‘ఆ మి మాద్రె’ తీసేసినా వాక్యం నిలబడుతుంది, ‘లె’ తీసేస్తే పడిపోతుంది.

రెండోది, ఎల్, లా, లొస్, లాస్. తెలుగులో ఇలాంటివి లేవు. ‘నాకు కాఫీ నచ్చుతుంది’ అని ఊరికే అంటాం. వాళ్ళు మాత్రం ‘మె గుస్తా ఎల్ కఫే’ అనాలి, ‘ఎల్’ తప్పనిసరి. నచ్చే వస్తువు కర్త కదా, ఆ కర్తకు టోపీ పెట్టాల్సిందే.

మూడోది కాలం. ఇది చాలా సూక్ష్మం. బట్టల షాపులో చొక్కా చూసి ‘ఇది నాకు నచ్చింది’ అంటాం. మాట భూతకాలం, అర్థం మాత్రం ఇప్పటిది. ఆ సందర్భంలో స్పానిష్‌లో ‘మె గుస్తా ఎస్తా కమీసా’ అనాలి, వర్తమానమే. ‘నువ్వు నాకు నచ్చావ్’ని ‘మె గుస్తాస్’ అన్నది కూడా అందుకే. అదే నిన్న చూసి వచ్చిన సినిమా గురించి అయితే ‘మె గుస్తో లా పెలీకులా’, చివరి ‘తో’ ఒత్తి పలకాలి. పాటలన్నీ నచ్చాయంటే ‘మె గుస్తారొన్’. ఇక ‘చిన్నప్పుడు నాకు ఫలానాది నచ్చేది’ అంటే ‘మె గుస్తాబా’. ‘నచ్చేవి’ అంటే ‘మె గుస్తాబాన్’. స్పానిష్ నేర్చుకునే ఇంగ్లీషువాళ్ళు ఈ గుస్తో, గుస్తాబా తేడా దగ్గర జుట్టు పీక్కుంటారు. మనకు ‘నచ్చింది’ వేరు, ‘నచ్చేది’ వేరు. ఒకసారి అయిపోయిందానికి ఒకటి, అలా సాగుతూ ఉండేదానికి ఇంకోటి. ఆ తేడా చెవిలోనే ఉంది. ‘మె గుస్తారీయా’ అంటే ‘నాకు చేయాలని ఉంది’ అన్నట్టు. ‘నాకు స్పెయిన్ వెళ్ళాలని ఉంది’ అంటే ‘మె గుస్తారీయా ఇర్ ఆ ఎస్పాన్యా’. అక్కడ కూడా మళ్ళీ నాకే.

నాలుగోది అన్నిటికన్నా పెద్ద గొయ్యి. తెలుగులో ‘నాకు’తో మొదలయ్యే వాక్యాలు బోలెడు. అన్నింటికీ ‘మె’ పెట్టేస్తే గల్లంతే. ‘నాకు ఆకలేస్తోంది’ అంటే ‘తెంగొ ఆంబ్రె’. అంటే ‘నేను ఆకలి కలిగి ఉన్నాను’ అన్నట్టు. దాహం, ‘తెంగొ సెద్’. భయం, ‘తెంగొ మియెదొ’. చలి, ‘తెంగొ ఫ్రీయొ’. ‘నాకు ఇద్దరు అక్కలు’, ‘తెంగొ దొస్ ఎర్మానాస్’. వయసు చెప్పడానికీ ఇదే తెంగొ. ‘నాకు తెలుసు’ అంటే ‘సే’. ‘నాకు కావాలి’ అంటే ‘కియెరొ’. ‘నాకు అర్థమైంది’ అంటే ‘ఎంతియెందొ’. వీటన్నింట్లో మనిషే కర్త, ‘మె’ లేదు.

మరి ‘మె’ ఉండేవి ఏవి? గుస్తార్ కుటుంబం అని ఒక కాగితం మీద రాసుకోండి. ఎంకాంతార్, అంటే విపరీతంగా నచ్చడం. ఇంతెరెసార్, ఆసక్తి కలగడం. పారెసేర్, అనిపించడం: ‘మె పారేసె కె’ అంటే ‘నాకేమనిపిస్తోందంటే’. ఫాల్తార్, తక్కువవడం: ‘మె ఫాల్తాన్ దొస్ లీబ్రొస్’, నాకు రెండు పుస్తకాలు తక్కువయ్యాయి. ఇక దొలేర్, నొప్పి పుట్టడం. ఇది మన తెలంగాణవాళ్ళకు సొంత క్రియ లాంటిది. ‘నాకు తల నొస్తోంది’ అంటే ‘మె దుయెలె లా కబేసా’. ‘నాకు కాళ్ళు నొస్తున్నాయి’ అంటే ‘మె దుయెలెన్ లాస్ పియెర్నాస్’. నొస్తోంది, నొస్తున్నాయి. దుయెలె, దుయెలెన్. ఇంకోటి గమనించారా? ‘నా తల నాకు నొస్తోంది’ అనం, ‘నాకు తల’ అంటాం. వాళ్ళూ ‘నా తల’ అనరు, ‘లా కబేసా’ అంటారు.

తప్పితే ఏమవుతుంది?

గ్రామర్ తప్పితే ఏమైంది, ఎదుటివాళ్ళకు అర్థమవుతుందిలే అంటారా? చాలాసార్లు అర్థమవుతుంది. కానీ అన్నిసార్లూ కాదు.

తెలుగు, స్పానిష్ నిజంగా రోజూ కలుసుకునే ఊరు ఒకటుంది, అనంతపురం. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో మన దేశానికి వచ్చి, 1969లో అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలుపెట్టారు. ఆర్‌డీటీ అంటే సీమలో తెలియనివాళ్ళుండరు. 2009లో ఆయన అక్కడే కన్నుమూశారు. స్పెయిన్‌లో ఉన్న దాతలు ఇక్కడి పల్లెల్లో పిల్లలకు స్పాన్సర్లుగా ఉంటారు, ఉత్తరాలు అటూ ఇటూ వెళ్తాయి. తెలుగులో రాసింది స్పానిష్‌లోకి వెళ్ళాలి, అక్కడిది ఇక్కడికి రావాలి. పల్లెల నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇంగ్లీషు నేర్పే స్కూలు కూడా ఆర్‌డీటీ వాళ్ళు అనంతపురంలో పెట్టారు. ధర్మవరం దగ్గర బత్తలపల్లిలో వాళ్ళ ఆసుపత్రి ఉంది.

ఇలాంటి చోట గుస్తార్ తప్పితే ఏమవుతుందో ఊహించండి. ఒక పిల్లాడు ఉత్తరంలో ‘మేడమ్, మీరంటే నాకు చాలా ఇష్టం’ అని రాశాడనుకోండి. ఎంత ముద్దొచ్చే మాట! దాన్ని కళ్ళు మూసుకుని ‘ఉస్తెద్ మె గుస్తా ముచొ’ అని మారిస్తే? స్పానిష్‌లో మనిషిని పట్టుకుని ‘మె గుస్తా’ అంటే చాలావరకు ప్రేమ, ఆకర్షణ అనే అర్థం వస్తుంది. ఆ సినిమా టైటిల్లో ‘నచ్చావ్’కి ఉన్న అర్థం! ‘మా టీచరంటే ఇష్టం’, ‘మా మేనేజర్ అంటే ఇష్టం’ అనడానికీ అంతే. అక్కడ ‘మె కాఎ బియెన్’ అనాలి. అది కూడా మె కుటుంబమే, ‘నాకు మంచిగా అనిపిస్తారు’ అన్నట్టు. ఉత్తరంలో ఆ పిల్లాడి ఆప్యాయతకు ‘లె తెంగొ ముచొ కరీన్యొ’ సరిపోతుంది.

ఆసుపత్రి సంగతి కూడా అంతే. ఒక స్పానిష్ డాక్టరు, ఒక తెలుగు పేషెంటు, మధ్యలో మాట మార్చే అమ్మాయి. ‘నాకు కాళ్ళు నొస్తున్నాయి’ అంటే దుయెలెన్, ‘కాలు నొస్తోంది’ అంటే దుయెలె. ఒక కాలా, రెండు కాళ్ళా అన్నది డాక్టరుకు పెద్ద తేడా. ఆ తేడా మోసేది ఒక్క ‘న్’ అక్షరం. ఆ పల్లె అమ్మాయికి ఇంగ్లీషు గొప్పగా రాకపోవచ్చు. కానీ నొస్తోంది, నొస్తున్నాయి తేడా ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ పని ఆమె తెలుగే చేసి పెడుతుంది.

అందుకే మీడియం గురించి బెంగపడేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఇంగ్లీషు నేర్చుకోండి, దాని అవసరం దానికుంది. పుస్తకాలు, యాప్‌లు ఎక్కువగా అందులోనే ఉన్నాయి. కానీ అది పూర్తయ్యేదాకా స్పానిష్ ఆపుకోకండి. తార్నాకలో ఉన్న ఇఫ్లూ 1958లో ఇంగ్లీషు కోసమే మొదలైన సంస్థ. ఇప్పుడు అక్కడే స్పానిష్ కూడా చెప్తున్నారు. పరీక్ష రాయాలనుకుంటే స్పెయిన్ ప్రభుత్వం తరఫున సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే డెలె సర్టిఫికెట్ ఉంది. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు, ఒకసారి పాసైతే దానికి గడువు తీరిపోవడం ఉండదు. మొదటి మెట్టులోనే గుస్తార్ ఎదురవుతుంది. నీకేం నచ్చుతుంది, ఖాళీ టైంలో ఏం చేయడం ఇష్టం, ఇవే కదా ఎక్కడైనా మొదట అడిగే ప్రశ్నలు.

చేసి చూడండి

ఐదు వాక్యాలు ఇస్తాను. పాజ్ చేసి పైకి చెప్పండి, తర్వాత జవాబులు చూసుకోండి.

1. షాపులో నిలబడి: ‘ఈ పుస్తకాలు నాకు నచ్చాయి.’
2. ‘మా తాతకు టీ ఇష్టం.’
3. ‘చిన్నప్పుడు నాకు కుక్కలు నచ్చేవి కావు.’
4. ‘నాకు దాహం వేస్తోంది.’
5. ఎవరో ‘నాకు సంగీతం నచ్చుతుంది’ అన్నారు. మీరు: ‘నాక్కూడా.’

జవాబులు. ఒకటి, ‘మె గుస్తాన్ ఎస్తొస్ లీబ్రొస్’. నచ్చినవి ఇప్పుడు, అవి చాలా, కాబట్టి గుస్తాన్. రెండు, ‘ఆ మి అబుయేలొ లె గుస్తా ఎల్ తే’. లె మర్చిపోలేదు కదా? మూడు, అబ్బాయిలైతే ‘దె నీన్యొ నొ మె గుస్తాబాన్ లొస్ పెర్రొస్’, అమ్మాయిలైతే ‘దె నీన్యా’ అని మొదలుపెట్టండి. కాదు అనే ‘నొ’ ఎప్పుడూ ‘మె’కి ముందే. నాలుగు, ‘తెంగొ సెద్’. ఇక్కడ ‘మె’ పెట్టినవాళ్ళు ఆ నాలుగో జాగ్రత్త ఇంకోసారి వినండి. ఐదు, ‘ఆ మీ తంబియెన్’.

ఈ వారం రోజులు ఒక పని చేయండి. తెలుగులో మీరు ‘నాకు’ అన్న ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఇది ‘మె’ డబ్బాలోదా, ‘తెంగొ’ డబ్బాలోదా, లేక ‘సే, కియెరొ’ల డబ్బాలోదా అని అడుగుకోండి. బస్సులో, మెస్సులో, ఎక్కడైనా సరే. రోజుకు ఎన్నిసార్లు ‘నాకు’ అంటామో లెక్కపెడితే మీకే నవ్వొస్తుంది. అన్నిసార్లూ ఖర్చు లేకుండా స్పానిష్ ప్రాక్టీసు అయినట్టే.

వచ్చే ఎపిసోడ్‌లో సేర్, ఎస్తార్ చూద్దాం. రెండింటికీ ‘ఉండటం’ అనే అర్థమే, కానీ అక్కడ తెలుగు ఇంత తేలిగ్గా దారి చూపించదు. అందాకా సెలవు. ఆస్తా లుయేగొ!